త్రోలు తొండి కాదు

పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. కారణం మా చిన్నోడు అన్న ఒక్క ముక్క.

"ఆడవాళ్ళంతా చున్‌లీ అనే అంటారులే అక్కా."

ఇంతే అన్నాడు, స్ట్రీట్ ఫైటర్ గేములో నాకిష్టమైన ఆడ ఫైటర్ చున్‌లీ గురించి. అనేసి నవ్వి, వాళ్ళ బావతో టెక్కెన్ అనే ఇంకో గేము గొడవలో పడిపోయాడు. ఫోన్ పెట్టేశాక కూడా నన్ను వదల్లేదు ఆ మాట. బట్టలు మడతపెడుతున్నా అదే, తలుపులు వేస్తున్నా అదే. వాడికి ఈపాటికి గుర్తు కూడా ఉండదు.

వాదన మామూలుగానే మొదలైంది. పాత ఫైటింగ్ గేముల్లో ఏది గొప్ప, ఎవరికి ఎవరంటే ఇష్టం. ఈయనది ఎప్పట్లాగే టెక్కెన్ 3. "రెండు చేతులకి రెండు బటన్లు, రెండు కాళ్ళకి రెండు. ఇంతకంటే తెలివైన ఆలోచన ఏ గేములో ఉందో చూపించు" అంటారు. అది నిజంగానే తెలివైన ఆలోచన, ఆ విషయంలో నాకు పేచీ లేదు. కానీ కాపోయెరా అనే బ్రెజిల్ యుద్ధకళతో పోరాడే ఎడ్డీ గోర్డోని తీసుకుని కాళ్ళ బటన్లు రెండూ ఎడాపెడా నొక్కేసి, గెలిచాక "చూశావా కాపోయెరా" అంటారే, అక్కడ నాకు మండుతుంది. ఆ కదలికలు ఒక నిజమైన కాపోయెరా గురువు చేత చేయించి మోషన్ క్యాప్చర్‌లో పట్టినవి. ఆయన అంత శ్రమపడి చేసినవాటిని, ఏ బటన్‌కి ఏ కాలు లేస్తుందో కూడా చూడకుండా నొక్కితే ఎలా? సరే, ఈయన సంగతి ఇంకో రోజు.

చిన్నోడిది స్ట్రీట్ ఫైటర్‌లో ర్యూ. చిన్నప్పట్నుంచీ ర్యూనే. "మగాడివి కాబట్టి ర్యూ అంటున్నావు" అని వాణ్ణి ఇంతవరకూ ఎవరూ అనలేదు. 1991లో వచ్చిన మొదటి స్ట్రీట్ ఫైటర్ 2లో మనం ఎంచుకోడానికి ఉన్నది ఎనిమిది మంది. ఏడుగురు మగవాళ్ళు, ఒక్కతే ఆడది. ఆ ఏడుగురిలో ఎవర్ని తీసుకున్నా దాన్ని అభిరుచి అంటారు. జాంగీఫ్‌ని తీసుకుంటే ధైర్యవంతుడంటారు, దాల్సిమ్‌ని తీసుకుంటే బుర్ర ఉన్నవాడంటారు. చున్‌లీని తీసుకుంటే మాత్రం, ఆడదాన్ని కాబట్టి తీసుకున్నానట.

నేను చున్‌లీని పట్టుకున్నది ఆమె నడక చూసి. పరుగులాంటి నడక. ఆ నడకకీ త్రోకీ, అంటే ఎదుటివాణ్ణి పట్టుకుని విసిరెయ్యడానికీ, ఉన్న సంబంధం పెద్దమ్మ వాళ్ళింట్లో నాకు ఒక్కసారిగా తెలిసొచ్చింది.

సెలవులకి పిల్లలందరం అక్కడ పోగయ్యేవాళ్ళం. గెలిచినవాళ్ళ చేతిలోనే ప్యాడ్ ఉంటుంది, ఓడినవాళ్ళు లేచి వరస చివరికి పోవాలి. పెద్దమ్మ వాళ్ళబ్బాయి, మా అన్నయ్య, గైల్‌తో ఆడేవాడు, అసలు లేచేవాడే కాదు. గైల్ సంగతి ఇదీ. కాసేపు వెనక్కి నొక్కిపట్టి, ముందుకు తోస్తూ పంచ్ కొడితే సానిక్ బూమ్, దూరం నుంచే వచ్చి తగిలే దెబ్బ. కాసేపు కిందకి నొక్కిపట్టి, పైకి తోస్తూ కిక్ కొడితే ఫ్లాష్ కిక్. వెనక్కీ కిందకీ కలిపి ఏటవాలుగా నొక్కి కూర్చుంటే రెండూ ఒకేసారి సిద్ధమవుతాయి, పైగా అలా కూర్చున్నంతసేపూ ఎదుటి దెబ్బని ఆపే బ్లాక్ కూడా ఉంటుంది. అన్నయ్య ఆటంతా అదే. మూలన కూర్చుని బూమ్ విసరడం, ఎవరైనా దాని మీంచి దూకి వస్తే ఫ్లాష్ కిక్‌తో కోసెయ్యడం. ర్యూతో ఆడేవాళ్ళకి ఎదురు విసరడానికి హడోకెన్ అనే ఫైర్‌బాల్ ఉంది. మేం ఆడే గేములో చున్‌లీకి విసరడానికి ఏమీ లేదు. ఆమె ఫైర్‌బాల్, కికోకెన్, 1992లో స్ట్రీట్ ఫైటర్ 2 టర్బోతో గానీ రాలేదు. దూకితే దెబ్బ, నిలబడితే బూమ్.

ఆ రోజు నేను దూకలేదు. బూమ్ వచ్చింది, బ్లాక్ చేశాను. మళ్ళీ నాలుగడుగులు నడిచాను. ఇంకోటి వచ్చింది, మళ్ళీ బ్లాక్. మళ్ళీ నడక. అన్నయ్య బొటనవేలు ప్యాడ్ మీద ఆ ఏటవాలు మూలకి అతుక్కుపోయి ఉంది, నాకు కనిపిస్తూనే ఉంది. పూర్తిగా దగ్గరికెళ్ళి, ముందుకు నొక్కి పంచ్ కొట్టాను. చున్‌లీ అతన్ని ఎత్తి అవతలికి విసిరేసింది. బ్లాక్ ఏ దెబ్బనైనా ఆపుతుంది గానీ త్రోని ఆపలేదు. కదలకుండా కూర్చునేవాడికి విరుగుడుగా ఆ గేము పెట్టిందే దాన్ని. అన్నయ్య లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. నేను మళ్ళీ నడిచాను, మళ్ళీ విసిరాను. రౌండ్ అయిపోయింది. రెండో రౌండూ అంతే.

"ఇది తొండి" అన్నాడు అన్నయ్య. అందరూ అవునన్నారు. అక్కడికక్కడే రూల్ పెట్టేశారు, ఇకనుంచి ఎవరూ త్రో చెయ్యకూడదని. సానిక్ బూమ్ మీద ఏ రూలూ రాలేదు. మూలన కూర్చోవడం మీదా రాలేదు. నా చేతిలో ఉన్న ఒక్కటీ తీసేసి, మళ్ళీ ఆడదామన్నారు. చిన్నోడు నా పక్కనే కూర్చుని ఉన్నాడు. వాడూ తలూపాడు.

అన్నయ్య మీద నాకిప్పుడు ఏమీ లేదు. తలూపినవాడే ఇవాళ ఆ మాట అన్నాడు. అదీ నా బాధ.

అది చాలదన్నట్టు, ఫోన్ పెట్టేశాక వాడు ఒక వీడియో పంపాడు. కింద "నీ చున్‌లీ" అని రాశాడు. 2004లో ఈవో అనే ఫైటింగ్ గేముల టోర్నమెంట్, గేము స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్. డైగో ఉమెహారా ఆడుతున్నది కెన్‌తో, జస్టిన్ వాంగ్ ఆడుతున్నది చున్‌లీతో. కెన్‌కి లైఫ్ బార్‌లో వెంట్రుకవాసి మిగిలింది. సూపర్‌ని, అంటే అన్నిటికంటే పెద్ద ప్రత్యేక దెబ్బని, బ్లాక్ చేసినా కొంచెం లైఫ్ పోతుంది కాబట్టి బ్లాక్ చేస్తే చచ్చినట్టే. ఉన్న దారి ప్యారీ ఒక్కటే. అంటే దెబ్బ తగిలే సరిగ్గా ఆ క్షణాన వెనక్కి కాకుండా ముందుకు నొక్కాలి. చున్‌లీ సూపర్ వేసింది. తన్ను మీద తన్ను, డైగో ప్రతిదానికీ ముందుకు నొక్కుతూ వచ్చాడు. చివరి తన్నుని గాల్లోకి ఎగిరి ప్యారీ చేసి, దిగుతూనే తిరగబడి ఆ రౌండ్ ముగించాడు. వెనక జనం అరుపులు వింటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఎప్పుడు పెట్టినా నేను చివరిదాకా చూస్తాను, ఇవాళ కూడా చూశాను.

కానీ ఆ వీడియోని నా మీద ఎందుకు ప్రయోగించాలి? ఆ క్షణంలో చున్‌లీ చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని. ఎదుటివాడు బ్లాక్ చేసినా పోయేంత లైఫ్‌లో ఉన్నప్పుడు సూపర్ వెయ్యకపోతే ఇంకెప్పుడు వేస్తారు? అన్ని తన్నులనీ ఒక్కటి కూడా వదలకుండా ప్యారీ చెయ్యగల మనిషి ఎదురుగా కూర్చున్నాడు, అంతే. పైగా ఆ టోర్నమెంట్ డైగో గెలవలేదు, ఫైనల్లో ఓడిపోయాడు. ఆ సంగతి ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. థర్డ్ స్ట్రైక్‌లో అందరికంటే బలమైన క్యారెక్టర్లలో చున్‌లీ ఒకతని కూడా ఎవరూ చెప్పరు.

ఇక్కడిదాకా రాసి, పైనుంచి ఒకసారి చదువుకున్నాను. నేను చెబుతున్నదంతా ఒకటే మాట: ఆడదని కాదు, ఆట కోసమే ఎంచుకున్నాను అని. ఎందుకిలా నిరూపించుకోవాలి? ఆడదనే ఎంచుకున్నాననుకోండి, అందులో తక్కువేముంది? ఎనిమిది బొమ్మల్లో నాలాంటి మనిషి ఒక్కతి కనిపించింది. నా వేలు అక్కడ ఆగింది. ఆగాక నడక చూశాను, త్రో నేర్చుకున్నాను. రెండూ నిజమే.

ఆ ఒక్కతి కూడా అంత సులువుగా రాలేదట. గేము తయారుచేస్తున్నప్పుడు, ఆడది కాబట్టి చున్‌లీ లైఫ్ బార్ మిగతావాళ్ళకంటే పొట్టిగా పెడదామని వాళ్ళలో ఒకాయన అన్నాడట. ఇంకొకాయన ఒప్పుకోలేదట. ఆ రెండో ఆయనకి నేను రుణపడి ఉన్నాను. ఆ బార్ పొట్టిగా ఉండి ఉంటే మా అన్నయ్యకి రూలు పెట్టాల్సిన అవసరమే వచ్చేది కాదు.

అప్పట్లో ఎక్కడ చూసినా ఇదే లెక్క. 1992లో వచ్చిన మోర్టల్ కోంబాట్ గేములో ఏడుగురిలో ఒక్క సోన్యా. స్ట్రీట్ ఫైటర్‌లో రెండో ఆడమనిషి, కామీ, 1993లో సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చేదాకా లేదు. 1994లో వచ్చిన కింగ్ ఆఫ్ ఫైటర్స్ గేములో ముగ్గురూ ఆడవాళ్ళే ఉన్న టీమ్ చూసినప్పుడు నేను కళ్ళప్పగించి స్క్రీన్‌కి అతుక్కుపోయాను. మాయి, యూరి, కింగ్. ఆ టీమ్ గురించి రాయాలంటే ఇంకో టపా కావాలి.

ఇక మా పెద్ద కూతురు. దానికిప్పుడు ఎంచుకోడానికి ఎంతమంది ఆడవాళ్ళో. అది ఎవర్ని తీసుకుంటుందో తెలుసా, బ్లాంకాని. పచ్చగా ఉంటాడని, ఒంట్లోంచి కరెంటు వస్తుందని. ఈ సాయంత్రం కూడా పంచ్ బటన్ టకటకా కొట్టి కరెంటు తెప్పించి, నేను తన్నబోతే నన్నే మాడ్చేసి, సోఫా మీద గంతులేసింది. చున్‌లీ మెరుపు తన్నులకి నేను కిక్ బటన్ ఎలా కొడతానో అచ్చం అలాగే కొడుతోంది. ఇవాళ్టి మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే. చిన్నోడు ఇది చూసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

ఇంకొకటి మాత్రం రాయాలి, లేకపోతే నిద్ర పట్టదు. మొదటి స్ట్రీట్ ఫైటర్ 2 ముగింపులో చున్‌లీ నాన్న సమాధి దగ్గర నిలబడి, పగ తీరిందని చెప్పి, ఇక మామూలు అమ్మాయిలా బతుకుతానంటుంది. ఇంతమందిని మట్టికరిపించి చివరికి ఇదా అని నాకు అప్పుడే నచ్చలేదు. సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2లో ఆ ముగింపు మార్చారు. మామూలు జీవితానికి వెళ్ళిపోవాలా, పోలీసుగానే ఉండాలా అని మనల్నే అడుగుతుంది. నేను ప్రతిసారీ పోలీసే నొక్కాను. ఇప్పుడు ఆలోచిస్తే మొదటి ముగింపు మీద కూడా అంత కోపం రావట్లేదు. నాన్నని చంపినవాడి కోసం అన్నేళ్ళు తిరిగిన మనిషి, అలిసిపోయి ఉండదా? ఏమో. ఆ రెండో దారి ఉందని తెలిశాకే మొదటిది ఒప్పుకోబుద్ధి అవుతోంది.

చిన్నోడికి ఇందాక మెసేజ్ పెట్టాను. ఆదివారం నువ్వు గైల్‌ని తీసుకో, నేను చున్‌లీ, పాత గేమే, త్రోలు ఉంటాయి అని. వాడూ మేలుకునే ఉన్నట్టున్నాడు. "సరే అక్కా, కానీ వరసగా రెండు త్రోలు వద్దు" అన్నాడు. అప్పుడే బేరం మొదలుపెట్టాడు. ఒప్పుకోనని రాసేశాను.