పాదిరిగారి ఇంట్లో రెండు రాత్రులు

వారాంతం వేల్స్‌లో, పోవిస్ కొండల నడుమ ఒక పాత పాదిరిగారి ఇంట్లో దిగాం. వెల్ష్‌లో ఇలాంటి ఇంటిని ‘పెర్సొన్డి’ అంటారు. ఇప్పుడు అద్దెకిస్తున్నారు. ఇల్లు బాగుంది కానీ, నా మనసంతా పెరట్లోని కొట్టాల మీదే.

గుర్రపుశాల, బగ్గీ షెడ్డు, పక్కనే పెద్ద ధాన్యపు కొట్టు. పాదిరిగారికి అంత ధాన్యం ఎక్కడిది? దశమ భాగం! మన చర్చిల్లో వినే మాటే. 1836 చట్టం దాన్ని డబ్బుగా మార్చేదాకా రైతులు చాలాచోట్ల పంటలో పదో వంతు ఇచ్చేవారు. గుర్రం ఎక్కడానికి వేసిన రాతి మెట్టు మధ్యలో అరిగి, అరచేయి పట్టేంత గుంట పడింది. అందులో వాన నీళ్లు. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

పైకప్పు పలకరాయి. కింద వరసల్లో పెద్ద పలకలు, పైకి వెళ్లేకొద్దీ చిన్నవి. సైజులకు ప్రభువుల ఇంటి దొరసానుల బిరుదులే పేర్లు: 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు అయితే డచెస్, 20కి 10 అయితే కౌంటెస్. ఎంత ముద్దుగా పెట్టారో!

ఇలాంటి ఇళ్లు కట్టుకోవడానికి, బాగు చేసుకోవడానికి 1776 చట్టం పాదిరులకు అప్పు తెచ్చుకునే వీలిచ్చింది. ఇప్పుడు చాలావాటిలో పాదిరులు లేరు.

పొద్దున్నే లేచి మళ్లీ గుర్రపుశాలకే వెళ్లాను. తలుపు మీద పాత ఇనుప గడియ చల్లగా తగిలింది. లోపల ఎండుగడ్డి వాసన, అచ్చం అమ్మమ్మ వాళ్ల పశువుల కొట్టంలోలాగే.