‘ఇంకుడుసీమ’: ఒక పిల్లల నవల పని చిట్టా

జనవరి 12

తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ పిల్లల కోసం ఒక సాహస నవలను ఈ సంవత్సరం పూర్తి చేయాలని నిశ్చయించుకొని, నేటి నుంచి పని వివరాలను రాసి పెట్టుకుంటున్నాను. ఉద్యోగానికి బయలుదేరేముందు తెల్లవారుజామున ఐదు నుంచి ఆరున్నర వరకు నాకు సమయం దొరుకుతుంది. ఆ గంటన్నరలో మంచి రోజున 350 మాటలు, మామూలు రోజున 200 మాటలు కాగితం మీదికి వస్తున్నాయి.

కథ కర్నూలు సీమలో, 1981 వేసవిలో జరుగుతుంది. నాపరాళ్ళపల్లె అని నేను పేరు పెట్టుకున్న 37 ఇళ్ళ ఊరిలో ఓబులేసు, కేశవ, మాబున్ని, సుంకులు అనే నలుగురు స్నేహితులు ఎండిన చేని నడుమ ఉన్న ఒక బిలంలోకి దిగి, భూమిలోకి ఇంకిపోయిన నీళ్ళన్నీ చేరే మరో లోకానికి వెళతారు. ఆ లోకం పేరే ఇంకుడుసీమ. ఎండిన బావులు, ఇగిరిన కుంటలు, పేరు మాత్రమే మిగిలిన వంకలు అక్కడ నిండుగా ఉంటాయి. 1981ని ఎంచుకోవడానికి కారణం ఉంది. బెలుం గుహలను రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లోనే గుర్తించి రాసినా, హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వాటిని వివరంగా సర్వే చేసింది 1982–84 మధ్యనే. దానికి ముందటి వేసవిలో ఆ సీమలోని పిల్లలకు నేల కింద ఏముందో ఊహించుకునే స్వేచ్ఛ పూర్తిగా ఉండేదని నాకు అనిపిస్తుంది.

లెక్క ఇది: 16 అధ్యాయాలు, అధ్యాయానికి 1,500 మాటలు, మొత్తం 24,000. నేను పైకి చదివితే నిమిషానికి 90 మాటలు దాటడం లేదు కనుక ఒక అధ్యాయానికి 17 నిమిషాలు పడుతుంది. రాత్రి పడుకోబోయే ముందు పిల్లలకు ఒక అధ్యాయం చదివి వినిపించడానికి అది సరిపోయే కొలత.

ఫిబ్రవరి 9

బెలుం వెళ్ళి వచ్చాను. తాడిపత్రిలో రైలు దిగి, అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్ళాను. చిన్నతనంలో ఒకసారి చూసిన చోటే అయినా, ఈసారి టేపు, గడియారం, నోటు పుస్తకం పట్టుకొని కథకు కావలసిన వాటినే వెతుక్కుంటూ తిరిగాను.

నాకు అన్నిటికంటే ఉపయోగపడినది గుహ లోపలిది కాదు. పైన ఏమీ లేకపోవడమే ఉపయోగపడింది. బొర్రా గుహలకు కొండ ఉంది, అడవి ఉంది, ఇక్కడ ఏదో ఉండి ఉంటుందని దూరం నుంచే అనిపిస్తుంది. బెలుం దగ్గర చదునైన చేలు, నాపరాళ్ళ గనులు, ఎండ తప్ప మరేమీ కనిపించవు. నేలలో ఒక గొయ్యి నోరు తెరుచుకొని ఉంటుంది, అంతే. దాగి ఉన్న లోకానికి ఇంతకంటే మంచి తలుపు నేను కల్పించలేను. అందుచేత మొదటి అధ్యాయంలో నేను రాసుకున్న గుట్టనూ, పాడుపడిన గుడినీ తీసివేశాను. దానితో 600 మాటలు పోయాయి.

అక్కడ రాసుకున్న వాటిలో కథలోకి వచ్చేవి కొన్నే. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లయితే సందర్శకులు తిరగగలిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. పాతాళగంగ దగ్గర లోతు 46 మీటర్లు. అక్కడ సన్నని నీటిపాయ ఒకటి పారుతూ వచ్చి, చూస్తుండగానే నేలలోకి మాయమవుతుంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. నీళ్ళు ఎక్కడికి పోతాయని పక్కన ఒక పాప తన తండ్రిని అడిగింది, ఆయన సమాధానం చెప్పలేదు. నా నవలంతా ఆ ప్రశ్నకు సమాధానమే.

రెండు దిద్దుబాట్లు కూడా తేలాయి. గుహలో చల్లగా ఉంటుందని రాశాను, నిజానికి లోపలి గాలి తేమతో బరువెక్కి, పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. పైగా ఇప్పుడు మనం గాలి పీల్చుకుంటూ తిరుగుతున్నామంటే గొట్టాల ద్వారా పైనుంచి గాలిని పంపుతున్నందువల్లనే. 1981లో నా పిల్లలకు ఆ వసతి లేదు. కనుక వాళ్ళ చేతిలో టార్చిలైటుకు బదులు కిరోసిన్ లాంతరు పెట్టాను. గాలి ఆడని చోట దీపం సన్నబడుతుంది, అక్కడి నుంచి వెనక్కి రావాలని ఓబులేసు తాత చెప్పి ఉంటాడు. ఒక్క లాంతరుతో వెలుగు, గడియారం, ప్రమాద సూచన మూడూ అమరాయి.

మార్చి 2

రెండో అధ్యాయం, అంటే పిల్లలు దిగే అధ్యాయం, ఐదుసార్లు రాసినా నిలబడలేదు. దిగడానికి వాళ్ళకు కారణం లేకపోవడమే లోపం. కుతూహలంతో దిగారని రాస్తే, ఏడేళ్ళ సుంకులును వెంటబెట్టుకొని అంత చీకటిలోకి ఎందుకు పోతారన్న అనుమానం చదువుతున్న నాకే కలుగుతున్నది.

దారి కిష్కింధాకాండలో దొరికింది. సీతను వెతుకుతూ దప్పికతో అలమటిస్తున్న హనుమంతుడు, అంగదుడు మొదలైన వానరులకు ఒక బిలం నుంచి హంసలు, క్రౌంచాలు, చక్రవాకాలు తడిసిన రెక్కలతో పైకి ఎగిరి రావడం కనిపిస్తుంది. దానిని బట్టి లోపల నీళ్ళున్నాయని గ్రహించి, ఒకరినొకరు పట్టుకొని ఆ చీకటిలో యోజనం దూరం నడిచి స్వయంప్రభ ఉండే బంగారు వనానికి చేరుకుంటారు. మనకు తెలిసిన కథల్లో మరో లోకపు తలుపు ఇంత సహజంగా తెరుచుకున్న చోటు నేను ఇంకొకటి చూడలేదు. మంత్రం లేదు, తాళంచెవి లేదు, జోస్యం లేదు. దాహం ఉంది, తడిసిన రెక్కలున్నాయి.

నా అధ్యాయంలో హంసలకు బదులు గుహ పావురాలు వచ్చాయి. మే నెల మిట్టమధ్యాహ్నం, బావిలో బొక్కెన బురద తప్ప మరేమీ తేని రోజున, సుంకులు చెంప మీద పైనుంచి ఒక నీటి చుక్క పడుతుంది. తల ఎత్తి చూస్తే పావురం ఉంది, మేఘం లేదు. ఆ చుక్కతో అధ్యాయం మొదలుపెట్టిన తరువాత మిగిలినది నాలుగు ఉదయాల్లో పూర్తయింది.

స్వయంప్రభ వానరులను కళ్ళు మూసుకొమ్మని చెప్పి బయటికి చేరుస్తుంది. ఆ ఉపాయాన్ని నేను తీసుకోవడం లేదు. వానరులకు అది చాలు, ఎందుకంటే వాళ్ళ కథ వేరే చోట ఉంది. నా పిల్లల కథ అంతా తిరిగి రావడంలోనే ఉంది కాబట్టి ఆ దారికి వెల ఉండాలి.

మార్చి 30

చీకటిని వర్ణించడానికి మాటలు చాలక, ఇంట్లో సామాన్ల గదికి దుప్పట్లు కట్టి, 20 నిమిషాలు లోపల కూర్చొని, బయటికి వచ్చిన వెంటనే రాసుకున్నాను. కళ్ళు తెరిచినా మూసినా తేడా లేనప్పుడు మనిషి రెప్పలను చేతితో తాకి చూసుకుంటాడు. ఆ ఒక్క వాక్యం మూడో అధ్యాయంలోకి వెళ్ళింది. 3, 4 అధ్యాయాలు పూర్తి. మొత్తం 6,150 మాటలు.

ఏప్రిల్ 13

పోయిన ఆదివారం మధ్యాహ్నం నా మేనకోడలు, పక్కింటి పిల్లలు ముగ్గురు కలిసి విన్నారు. నాలుగు అధ్యాయాలను రెండు విడతలుగా చదివాను. ఈ ఒక్క మధ్యాహ్నం నా నవలను మార్చివేసింది కనుక వివరంగా రాస్తున్నాను.

ఇంకుడుసీమకు నేను పెట్టుకున్న నియమం త్రాసు వంటిది. పైనుంచి ఎంత బరువు కిందికి దిగితే, కిందినుంచి అంత బరువు నీరు పైకి వస్తుంది. నలుగురు పిల్లల బరువులు 31, 29, 27, 24 కిలోలు, కలిపితే 111. లీటరు నీరు కిలో తూగుతుంది కాబట్టి ఊరబావిలోకి 111 లీటర్లు చేరాయి. పదిహేను లీటర్ల బిందెలతో తోడితే ఏడు బిందెలు నిండి, ఎనిమిదో దానిలో సగానికి కొంచెం తక్కువ. బిడ్డలు కనబడక ఊరంతా వెతుకుతున్న పూటే బావిలో నీరు కనబడుతుంది. రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తెలియదు. పిల్లలు తిరిగి రావాలంటే అదే బరువు నీరు కిందికి పోవాలి.

చదవడం ఆపగానే మేనకోడలు అడిగింది: “మామా, అట్లయితే రాళ్ళు వేస్తే సరిపోదా? ఆ ఊరి నిండా రాళ్ళే కదా!”

నాకు జవాబు తోచలేదు. రాళ్ళు వేస్తే నీళ్ళు వచ్చే లోకంలో కరువు ఉండదు, కరువు లేకపోతే కథ లేదు. రెండు రోజులు పెన్ను ముట్టలేదు. మూడో రోజు ఉదయం నియమాన్ని ఇలా బిగించాను: దాహం ఉన్నదాని బరువే ఆ త్రాసులో తూగుతుంది. రాయికి దాహం లేదు, కాబట్టి రాయి తూగదు. ఫోనులో ఈ సంగతి చెప్పగానే అటునుంచి రెండో ప్రశ్న వచ్చింది: “మరి మేకను దింపితే?”

ఈ ప్రశ్నకు నేను చాలాకాలం రుణపడి ఉంటాను. అంతవరకు నా కథలో చెడ్డవాడు లేడు, ఉన్నదల్లా కరువే. మేకకు దాహం ఉంది. పెద్ద మేక 30 కిలోలు తూగితే రెండు బిందెల నీరు. ఈ త్రాసు సంగతి తెలిసిన ఆసామి ఎవరైనా ఊరిలో ఉంటే, వేసవి రాత్రుల్లో మేకలను ఒక్కొక్కటిగా తన సొంత బావి దగ్గరి బిలంలోకి దింపుతూ, పగలు ఆ నీటిని బిందెకు ఇంత అని అమ్ముకుంటూ ఉంటాడు. ఆలోచన అక్కడికి చేరేసరికి, ఇంకుడుసీమలో ఆ పిల్లలకు మొదట ఎదురయ్యేది ఏమిటో కూడా తెలిసిపోయింది: తోడు లేని మేకల మంద, మెడల్లో ఊరివాళ్ళ గంటలతో. తప్పిపోయిందనుకున్న తన మేక గంటను మాబున్ని చీకటిలో చప్పుడును బట్టి గుర్తుపడుతుంది. ఐదు నుంచి తొమ్మిది వరకు అధ్యాయాల ప్రణాళికను చించివేసి, కొత్తగా గీసుకున్నాను.

మే 18

పది అధ్యాయాలు, 15,400 మాటలు. ఈ నెలలో రాతపని తక్కువ, పుస్తకం రూపం గురించిన పని ఎక్కువ.

సంభాషణలు సీమ మాటలోను, కథనం అందరికీ తెలిసిన రాతభాషలోను నడుపుతున్నాను. వంక, కపిల, సద్ది వంటి మాటలకు అడుగున అర్థాలు ఇవ్వడం లేదు; పక్క వాక్యంలోనే అవి తెలిసిపోయేలా రాయడం నా పని.

అచ్చు సంగతి చూద్దామని మా ఊరిలోని ఒక డీటీపీ కేంద్రంలో రెండు అధ్యాయాలు ఇచ్చాను. వాళ్ళు యూనికోడ్ పాఠాన్ని తమ పాత ఫాంటులోకి మార్చినప్పుడు వత్తులు చెదిరి, ‘త్రాసు’ అన్న మాట ప్రతి చోటా విరిగిపోయింది. నా నవలలో ఆ మాట లేని పేజీ అరుదు. అందువల్ల పేజీలను నేనే లిబ్రేఆఫీస్‌లో యూనికోడ్‌లోనే కూర్చి, ఫాంటు పొదిగిన పీడీఎఫ్‌గా ఇవ్వాలని తీర్మానించాను. రామరాజ, సురన్న, మండలి ఫాంట్లలో ఒకే పేజీని అచ్చు తీసి పిల్లల చేత చదివించాను. మండలిలో వాళ్ళు తడబడింది తక్కువ. అక్షరం 14 పాయింట్లు, వరుసల మధ్య 22 పాయింట్లు పెట్టాను. అంతకంటే తగ్గిస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతున్నాయి. ఏ5 పేజీకి సుమారు 170 మాటలు పడుతున్నాయి కనుక కథకు 142 పేజీలు, అధ్యాయానికొకటి చొప్పున గీత బొమ్మలకు 16, ముందు పేజీలు 2, మొత్తం 160. పదహారు పేజీల ఫారాలు సరిగ్గా పది. ఈ లెక్క కుదరడం కోసం ఎనిమిదో అధ్యాయంలో ఒక కల సన్నివేశాన్ని తీసివేశాను. అది అవసరం లేని సన్నివేశమే.

జూన్ 22

14 అధ్యాయాలు. 21,300 మాటలు. మిగిలినవి రెండే, అయినా కష్టమంతా వాటిలోనే ఉంది.

పిల్లలు పైకి రావాలంటే 111 లీటర్ల నీరు ఆ బిలంలోకి తిరిగి పోవాలి. కాని ఆ నీటిని ఊరు తోడుకొని ఇంటింటా దాచుకుంది. తాను కిందనే ఉండిపోతే పైన 24 లీటర్లు మిగులుతాయి కదా అని సుంకులు అడిగే సన్నివేశం 13వ అధ్యాయంలో ఉంది. దానికి మిగిలిన ముగ్గురూ జవాబు చెప్పకుండా ఆమె చేయి పట్టుకోవడంతో అధ్యాయం ముగుస్తుంది. చదివి వినిపించినప్పుడు గదిలో ఎవరూ కదలలేదు. ఆ పేజీని ఇక ముట్టుకోను.

కాబట్టి చివరి అధ్యాయం పైన, ఊరిలో జరగాలి. ఓబులేసు తాత బిలం అంచున నిలబడి సంగతి చెప్పిన తరువాత, మే నెల కరువులో మనుషులు చెంబులతో నీళ్ళు తెచ్చి నేలపాలు చేయాలి. లీటరు చెంబు చొప్పున, 37 ఇళ్ళకు ఇంటికి మూడు చెంబులు. లెక్క సరిగ్గా 111కు వస్తుంది, ఇళ్ళ సంఖ్యను జనవరిలోనే అదృష్టవశాత్తు అలా పెట్టుకున్నాను. మొదటి రాతలో, నీళ్ళు పోయగానే వాన కురిసింది. దానిని కొట్టివేశాను. వాన వస్తుందని తెలిసి పోసినట్లయితే ఆ మూడు చెంబులకు విలువ లేదు. వానాకాలం రాకకు ఇంకా నెల ఉందని తెలిసి పోయాలి.

ఎవరు ఎలా పోస్తారన్నది రాయడానికి ప్రతి ఇంటికీ ఒక కాగితం ముక్క తయారుచేసి గోడకు అంటించాను. బాలింత ఉన్న ఇల్లు చెంబుకు బదులు గ్లాసుతో తెస్తుంది. మాబున్ని నానమ్మ నమాజుకు ముందు చేసే వజూ కోసం ఉంచుకున్న నీళ్ళు తెస్తుంది. పిల్లలు లేని ఇంటి ముసలాయన అందరికంటే ముందు వచ్చి పోసి, మాట్లాడకుండా వెళ్ళిపోతాడు. అన్నీ రాస్తే 1,500 మాటల్లో పట్టవు కనుక పదకొండు ఇళ్ళను మాత్రం చూపించి, మిగిలిన వాటిని చెంబుల చప్పుడుగా వినిపిస్తున్నాను.

ముప్ఫై ఏడో ఇల్లు మేకల ఆసామిది. ఆయన తలుపు ఇంకా తెరుచుకోలేదు, అరుగు మీద ఆయన చిన్న మనవడు కూర్చొని ఉన్నాడు. ఈ ఉదయానికి 108వ చెంబు దాకా రాశాను.