షుగర్ పెరగలేదు, పడిపోయింది

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సోంపేట వైపు. ఉద్దానం అనగానే అందరూ కిడ్నీల గురించే అడుగుతారు. మా దగ్గర నలుగురు కూర్చుంటే క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) మాట రాకుండా ఉండదు, అయినా నొప్పుల మాత్ర అంటే మాత్రం ఎవరికీ భయం లేదు. జీడితోట పనికెళ్లొచ్చి, అన్నం తిని, ఒకటి మింగి పడుకుంటారు. ఇక్కడి కిడ్నీ జబ్బుకి మూలం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, మాత్రలవల్లే అని నేననడం లేదు. నాకు జరిగింది చెప్తున్నానంతే.

పోయిన వానాకాలం నాకు చికున్‌గున్యా వచ్చింది. జ్వరం తగ్గినా కీళ్లు వదల్లేదు, చీపురు పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకోవు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేసి ఒక సెట్టు మాత్రలిచ్చారు, అది చాలక మందుల షాపులో ఇంకో సెట్టు ఇచ్చారు. ఇంకేం మందులు వాడుతున్నావమ్మా అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నాకేమో షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మిసార్టన్‌లో ఒంట్లో నీరు లాగే మందు కలిపిన మాత్ర ముందునుంచీ ఉన్నాయి.

తర్వాత వాంతులు పట్టుకున్నాయి, గంజి కూడా దిగేది కాదు. షుగర్ మాత్ర మాత్రం మానకూడదని ఇంట్లో ఒకటే పట్టు. ఒక తెల్లవారుజామున జాకెట్టు తడిసిపోయేంత చెమట, చేతుల వణుకు, ఆ తర్వాత ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. "షుగర్ పెరిగిపోయినట్టుంది, మాత్ర తే" అన్నారట మా ఆయన. తొమ్మిది చదివే మా పాప వినకుండా మిషన్‌తో చూస్తే 46, బాగా పడిపోయింది. మింగే తెలివి ఉంది కాబట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూసిందట. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించినా మధ్యాహ్నానికి మళ్లీ పడిపోయింది. క్రియాటినిన్ 2.4 ఉంది. నొప్పుల మందు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుందట, దానికి బీపీ మాత్ర, వాంతులకి నీరు పోవడం తోడైతే కిడ్నీ చతికిలబడుతుంది. అప్పుడు షుగర్ మందు ఒంట్లోంచి తొందరగా బయటికి పోక పనిచేస్తూనే ఉంటుంది, పైగా కడుపులో తిండి లేదు.

మా పాప సంచీలో మందులన్నీ మంచం మీద పరిచింది. కత్తెరతో కోసిన స్ట్రిప్పు ముక్కలు, ఒకదానికి సగం పేరే ఉంది, తేదీ లేదు. ఇంకోదాని వెనక చీమల్లాంటి అక్షరాలు. సెల్ టార్చి వేసి చదివితే రెండు పేర్ల కిందా ఒకటే నొప్పుల మందు, డైక్లోఫెనాక్. "అంటే రెండింతలు పడిందమ్మా" అన్నారు డాక్టరు గారు. బడిలో క్లోమం బొమ్మ గీయించి మార్కులు వేస్తారు, మందు అట్ట చదవడం కూడా నేర్పిస్తే ఏం పోతుంది?

నొప్పుల మాత్రలు పూర్తిగా ఆపేశారు, షుగర్ మందు మార్చారు, బీపీ మాత్ర కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. క్రియాటినిన్ మెల్లగా 1.1కి దిగింది. నొప్పి ఎక్కువైతే పారాసెటమాల్, అదీ డాక్టరు చెప్పినంతే. పొద్దున్న వేళ్లు ఇంకా కాస్త బిగుస్తాయి, వేడినీళ్లలో పెడితే వదులుతాయి. జ్వరమో వాంతులో వచ్చి తినలేకపోతే షుగర్ మాత్ర సంగతి ముందు ఫోన్ చేసి అడుగుతున్నాను. షాపులో పేరు, తేదీ ఉన్న ముక్కే కోసివ్వమంటే అతను విసుక్కుంటాడు, ఇస్తాడు గానీ.