ఐస్ పెట్టెలో వచ్చిన రొయ్యలు

భీమవరం, బుధవారం రాత్రి

పొద్దున ల్యాబ్ తాళం తీయడానికి వెళ్లేసరికే ఓ అమ్మాయి ఐస్ పెట్టెతో మెట్ల మీద కూర్చుని ఉంది. పీహెచ్‌డీ చేస్తోందట. ఉండి ఊరి దగ్గర ఓ చెరువులో జబ్బుపడ్డ వెనామీ రొయ్యలు 30 తెచ్చింది. "స్లైడ్లు చేసిపెట్టండి మేడమ్" అంది.

మూత తీశాక ఎలా చెప్పాలో తోచలేదు. పీసీఆర్‌కైతే, అంటే క్రిమి జన్యువు కోసం చేసే పరీక్షకైతే పనికొస్తాయి. హిస్టాలజీకి, అంటే కణజాలాన్ని పల్చగా కోసి మైక్రోస్కోప్‌లో చూడ్డానికి రావు. రొయ్య చచ్చిందంటే దాని జీర్ణగ్రంథి, హెపటోపాంక్రియాస్, తన ఎంజైములతో తనే కరిగిపోతుంది. ఐస్ వేస్తే నెమ్మదిస్తుందేగానీ ఆగదు. అందుకే చెరువు గట్టు మీదే, రొయ్య ఇంకా కొట్టుకుంటుండగానే, కణాలు చెడకుండా ఉన్నవున్నట్టు నిలిపే డేవిడ్‌సన్ ద్రావణం సిరంజీతో ఎక్కించాలి, ముందు హెపటోపాంక్రియాస్‌లోకే. తర్వాత పక్కనుంచి పెంకు చీల్చి, రొయ్యకి 10 రెట్ల ద్రావణంలో ముంచాలి. ఒకటి రెండు రోజులయ్యాక 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. చెబుతుంటే ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది నాకెవరూ చెప్పలేదండి." నిజమే, ఎవరు చెబుతారు? రంగులు వేయడం నేర్పుతారు, గట్టు మీద పని నేర్పరు. సీసాలు, సిరంజీలు సర్దిచ్చి, రేపు ఎండెక్కకముందే నేనూ వస్తానన్నాను.

తర్వాత కిందటి వారం కణజాలాన్ని మైనంలో పోతపోసిన బ్లాకులు కోశాను, 5 మైక్రాన్ల మందం. మైనం రిబ్బను గోరువెచ్చని నీళ్ల మీద వాలి ముడతలు విప్పుకుంటుంటే ఇప్పటికీ ఊపిరి బిగబట్టే చూస్తాను. మధ్యాహ్నం, రంగు వేసి ఆల్కహాల్‌తో నీరు తీసిన స్లైడ్లు దించగానే జైలీన్ ద్రవం పాలలా తెల్లబడింది, నీరు కలిసిందన్నమాట. ఈ ముసురుకి ఆల్కహాల్ తేమ పీల్చేసింది. మొత్తం పారబోసి, కొత్తది పోసి, మళ్లీ మొదటికి. గంటన్నర పోయింది.

సాయంత్రం మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాను. మొదట ఆరోగ్యమైన రొయ్య. హెపటోపాంక్రియాస్‌లో అడ్డంగా తెగిన గొట్టాలు, ఒక్కోదాని నడుమ నక్షత్రంలాంటి ఖాళీ. కణాల చుట్టూ గులాబీ, కేంద్రకాలు నీలం. ఆ నీలం మెక్సికో వైపు పెరిగే ఓ చెట్టు చేవలోంచి వచ్చిన రంగు. ఇక్కడి చెరువులో రొయ్య లోపల అది అంత చక్కగా పట్టుకోవడం చూస్తే నాకెప్పుడూ సంతోషమే. పక్క స్లైడ్ జబ్బు రొయ్యది. గొట్టాల గోడల కణాలు ఊడి నడిమధ్యకి రాలిపోయాయి, నక్షత్రమే లేదు. "మేత ముట్టట్లేదండి" అన్న రైతు గొంతు గుర్తొచ్చింది.

ఇప్పుడే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, బకెట్‌లో రొయ్యలు బతికుండాలంటే బ్యాటరీ ఏరేటర్ తేవాలాండి?"

"తే తల్లీ, తప్పకుండా తే" అన్నాను.