పదింటి క్లాసులో చివరి బెంచీ

మంగళవారం.

పొద్దున ఐదింటికే మెలకువ వచ్చేసింది. చెప్పాల్సింది పదిహేడేళ్లుగా చెబుతున్న ఎకనామిక్స్ పాఠమే, డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనడం ఎంత మారుతుందనేది. కానీ పదింటి క్లాసుకి స్టాటిస్టిక్స్ మేడమ్ వచ్చి చివరి బెంచీలో కూర్చుంటారు. రమ్మని అడిగింది నేనే. అయినా టెన్షన్.

దీనికి పాత కారణం ఒకటుంది. నేను మొదట పనిచేసిన కాలేజీలో ప్రిన్సిపాల్ గారు ఒకరోజు చెప్పాపెట్టకుండా క్లాసులోకి వచ్చి పది నిమిషాలు కూర్చుని వెళ్లిపోయారు. సాయంత్రం స్టాఫ్ మీటింగులో అందరి ముందూ నా గొంతు చిన్నదన్నారు, బోర్డు మీద రాత వంకరన్నారు. పిల్లలకి పాఠం అర్థమైందా లేదా అన్న మాటే రాలేదు. చాలా ఏళ్లపాటు తలుపు దగ్గర ఎవరైనా నిలబడితే చాలు, చెబుతున్న వాక్యం మధ్యలోనే తెగిపోయేది.

అందుకే నిన్న క్యాంటీన్లో టీ తాగుతూ ముందే మాట్లాడుకున్నాం. ఆవిడ రాసుకున్న కాగితం నా చేతికే ఇవ్వాలి, హెచ్‌ఓడీకి గానీ, కాలేజీలో నాణ్యత చూసే ఐక్యూఏసీకి గానీ వెళ్లకూడదు. మార్కులు అసలే వద్దు. ఐదుకి ఎన్ని అనే ఫారం ఒకటి చేతిలో ఉంటే ఆ గంటసేపు నేను ఆవిడ కోసం పాఠం చెబుతాను, పిల్లల కోసం కాదు. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. ఆవిడ ఒక్కటే అడిగారు. "ఏం చూడమంటారో చెప్పండి మేడమ్. అన్నీ చూడమంటే ఏదీ సరిగ్గా చూడలేను." బోర్డు చూడమన్నాను. వెనక కూర్చున్నవాళ్లకి నా గ్రాఫులు కనబడుతున్నాయో లేదో అని ఎప్పటినుంచో ఉంది.

ఈ రోజు 31 మంది వచ్చారు. "మేడమ్ చూడ్డానికి వచ్చింది నన్ను, మిమ్మల్ని కాదు" అని చెప్పి మొదలుపెట్టాను. మదనపల్లె టమాటాతోనే ఎప్పుడూ మొదలుపెడతాను. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు మీ ఇంట్లో టమాటా మానేశారా, తగ్గించారా? అదే పంట విరగకాసిన ఏడు ధర పడిపోయి, కోత కూలీ కూడా గిట్టక రైతు రోడ్డు పక్కన ఎందుకు పారబోస్తాడు? సరుకు ఎక్కువైతే ఆదాయం పెరగాలి కదా, ఎందుకు తగ్గుతుంది? చిత్తూరు, అనంతపురం వైపు పిల్లలు ఇది కళ్లారా చూసినవాళ్లు. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే. క్లాసు బాగా జరిగిందనే అనుకుంటూ బయటికి వచ్చాను.

పన్నెండున్నర దాటాక ఆవిడ గదిలో కూర్చున్నాం. నోట్‌బుక్ పేజీ నిండా అడ్డగీతలు, రెండు నిమిషాలకి ఒక వరస. ఎడమవైపు నేను చేస్తున్నది, కుడివైపు పిల్లలు చేస్తున్నది. సైన్స్ క్లాసుల కోసం 2013లో వచ్చిన కోపస్ అనే పద్ధతిలో ఇలా రెండేసి నిమిషాలకి రాస్తారట, దాన్ని తనకి వీలుగా మార్చుకున్నానన్నారు.

"ముందు మీరు అడిగింది" అని బోర్డు సంగతి చెప్పారు. గీతలు, అంకెలు బాగానే కనబడ్డాయి. కానీ ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర సుద్దముక్క నాలుగో బెంచీ దాటితే కనబడదు. సప్లయి గీత ఎటు జరిగిందో చూపించడానికి నేను వాడేది ఆ ఎర్రదే. అంటే వెనక ఉన్నవాళ్లకి పాత గీత ఒక్కటే కనబడింది. కొత్త గీత లేకపోతే ఆ బొమ్మకి అర్థమే లేదు. ఎన్ని బ్యాచ్‌లు అలా చూశాయో.

తర్వాత ఆవిడ కాసేపు ఆగారు. "మీరు అడగనిది ఇంకొకటి రాసుకున్నాను. చెప్పమంటారా?"

చెప్పమన్నాను.

గంటలో నేను 14 ప్రశ్నలు అడిగాను. పిల్లలు జవాబు చెప్పినవి మూడు. మిగతా పదకొండింటికీ జవాబు నేనే చెప్పేశాను. ఆవిడ పేజీలో "బాగుంది", "బాగాలేదు" అన్న మాట ఎక్కడా లేదు. ఒక వరసలో ఇలా ఉంది: "10.22. ప్రశ్న: పంట ఎక్కువైతే రైతు ఆదాయం ఏమవుతుంది? జవాబు మేడమే చెప్పారు. మూడో బెంచీ, కిటికీ పక్క అమ్మాయి నోరు తెరిచి మూసుకుంది." 10.36 దగ్గర మళ్లీ అదే అమ్మాయి.

కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రెండు వరసలే మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ బడుల్లో సైన్స్ క్లాసుల టేపులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని 1970ల్లోనే రాశారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరుగుతాయనీ, మామూలుగా మాట్లాడనివాళ్లు కూడా మాట్లాడతారనీ రాశారు. రిఫ్రెషర్ కోర్సులో విని నోట్సులో కింద గీత గీసి మరీ రాసుకున్నాను. తెలిసి కూడా చేయలేదు, చేయడం లేదని గమనించనూ లేదు. పాఠం చెబుతూ నన్ను నేను ఎలా చూసుకోను? బీఎడ్ చేసిన బడి టీచర్‌కి టీచింగ్ ప్రాక్టీసులోనైనా ఒకరు వెనక కూర్చుని చూస్తారు. మేం లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్టో, పీహెచ్‌డీయో పాసై నేరుగా క్లాసులోకి వచ్చేస్తాం. సెమిస్టర్ చివర పిల్లలు నింపే ఫీడ్‌బ్యాక్ ఫారంలో నాకు ఎప్పుడూ మంచి మార్కులే వచ్చాయి. కిటికీ పక్క అమ్మాయి నోరు తెరిచి మూసుకుందని ఆ ఫారం ఎలా చెబుతుంది?

రెండింటికి ఇదే బ్యాచ్‌కి ట్యుటోరియల్. బోర్డు మీద సరళరేఖ డిమాండ్ గీత గీసి, దీని మీద వ్యాకోచత్వం అంతటా ఒకటేనా అని అడిగి నోరు మూసుకున్నాను. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. మూడు సెకన్లు ఇంత పొడుగుంటాయని ఎప్పుడూ అనిపించలేదు. ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు వినబడుతోంది. ఎనిమిది దాకా వెళ్లాక వెనక నుంచి ఒకబ్బాయి, "గీత వాలు అంతటా ఒకటే కదా మేడమ్, వ్యాకోచత్వం కూడా ఒకటే" అన్నాడు. నలుగురైదుగురు తలలూపారు.

తప్పు. గీత మధ్య బిందువుకి పైన ఒకటి కన్నా ఎక్కువ, కింద ఒకటి కన్నా తక్కువ. ఉదయం అది నేనే అడిగి, నేనే చెప్పి, అందరికీ అర్థమైందనుకుని ముందుకు వెళ్లిపోయిన చోటే. గంటంతా దాని మీదే కూర్చున్నాం. అంకెలు వాళ్లచేతే వేయించాను. అనుకున్న నాలుగు లెక్కల్లో ఒక్కటే అయింది. ఆ అమ్మాయి వైపు రెండుసార్లు చూశాను. తల వంచుకుని రాసుకుంటోంది. ఏమీ అనలేదు.

వచ్చే మంగళవారం ఆవిడ క్లాసులో నేను కూర్చోవాలి. "బోర్డుకి కుడివైపు కూర్చున్నవాళ్లని నేను అసలు చూస్తున్నానా లేదా, అది చూడండి చాలు" అన్నారు. ఒక నోట్‌బుక్ కొన్నాను. పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా, రెండేసి నిమిషాలకి 30 వరసలు గీసి పెట్టుకున్నాను. తెల్ల సుద్దతో పాటు పసుపుపచ్చది కూడా ఒక పెట్టె తెచ్చాను.