రాళ్లు కొనే ఉద్యోగం

దుబాయ్‌లో నేనేం పని చేస్తానో మా నాయనకు ఇన్నేళ్లయినా సరిగ్గా ఎక్కలేదు. ఎవరైనా అడిగితే "రాళ్లు కొంటాడు" అంటాడు. ఒకరకంగా నిజమే. డ్రాయింగ్ చూసి ఎక్కడ ఏ రాయి ఎంత పడుతుందో లెక్క తీయాలి, యార్డులు తిరిగి రేట్లు తేవాలి, కొనాలి. కుప్పం దగ్గర క్వారీలో ఉలి, సమ్మెట పట్టి చేతులు కాయలు కాయించుకున్న మనిషికి ఇదీ ఒక ఉద్యోగమేనా అనిపించడంలో తప్పులేదు.

చేరిన కొత్తలో షార్జాలో ఒక యార్డుకు వెళ్లాను. ఇనప స్టాండ్లకు ఆనించి వరసగా గ్రానైట్ స్లాబులు. ఒకదాని మీద 'కుప్పం గ్రీన్' అని స్టిక్కర్. కాసేపు అక్కడే నిలబడిపోయాను. సేల్స్‌మన్ దగ్గరికొచ్చి, ఇది ఇండియా నుంచి వస్తుంది, చాలా గట్టి రాయి అని ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. నేనూ కొత్తగా విన్నట్టు తలూపాను.

నేను దెబ్బతిన్నది మాత్రం గ్రానైట్‌లో కాదు, గులకరాళ్లలో. ఒక విల్లా తోటలో 400 చదరపు మీటర్ల జాగాలో 100 మిల్లీమీటర్ల మందాన గులకరాళ్లు పరవాలి. అంటే 40 ఘనపు మీటర్లు. అమ్మేవాళ్లేమో టన్నుల్లో అమ్ముతారు. రాత్రి తొమ్మిదింటికి, ఇంటికెళ్లే తొందరలో, 40 టన్నులకు ఆర్డర్ పెట్టేశాను. ఘనపు మీటరు గులకరాళ్లు దాదాపు 1.6 టన్నులు తూగుతాయని చంటిపిల్లాడిలా మర్చిపోయాను. కావలసింది 64 టన్నులు.

రెండోరోజు సైటు నుంచి ఫోన్. మన పలమనేరు కుర్రాడే అక్కడ ఫోర్‌మన్. "అన్నా, ఎంత సర్దినా గోడ దాకా రావడం లేదే. అవతల ఇసుక కనిపిస్తా ఉంది."

మిగతా 24 టన్నులు తెప్పించాం. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. ఈ లోడు వేరే లాటు, రంగు కాస్త పసుపు తిరిగింది. తోట మధ్యలో గీత గీసినట్టు తెలుస్తోంది. ఓనరు ఒప్పుకోలేదు. చివరికి పరిచిందంతా ఎత్తి, రెండు రకాలూ పారలతో కలిపి మళ్లీ పరిచారు. జూన్ చివరి ఎండలు. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని రూలు. అందుకని తెల్లారకముందే మొదలుపెట్టేవాళ్లు. ఆరుగురు, మూడు రోజులు. నా తప్పుకు వాళ్ల నడుములు పోయాయి. ఆ ఫోర్‌మన్ నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇంకా బాధ.

ఈసారి లీవులో చిత్తూరు వచ్చేసరికి ఇంటి మెట్లకు రాయి కొనే పని నా నెత్తిన పడింది. నాయనను వెంటబెట్టుకుని షాపుకెళ్లాను. షాపాయన అరచేయంత పాలిష్ ముక్క చేతిలో పెట్టాడు. నేను నా విద్యంతా తీశాను. మందం 20 మిల్లీమీటర్లేనా, అంటే చదరపు అడుగుకు అయిదు కిలోలు. అన్నీ ఒకే బ్లాకులో కోసినవేనా? వేస్టేజీ పది శాతం కలిపి చెప్పండి. వెనక నెట్ ఎందుకు అంటించారు, రాయిలో బలం లేదా?

నాయన ఆ ముక్క వైపు చూడనే లేదు. బయట ఎండలో ఆనించిన పెద్ద రాయి దగ్గరికెళ్లి, బాటిల్లో నీళ్లు దానిమీద ఒంపి, బీడీ వెలిగించుకుని నిలబడ్డాడు. రాయంతా మెల్లగా ఆరింది. ఒక్కచోట మాత్రం వెంట్రుకంత సన్నటి గీత నల్లగా, తడిగా అలాగే ఉండిపోయింది. దానికి అటూ ఇటూ రూపాయి బిళ్లతో కొట్టాడు. ఒకవైపు ఖంగుమంది, రెండోవైపు మొద్దుగా మోగింది.

"ఇది మెట్టుకు ఆగదు" అన్నాడు.

షాపాయన నవ్వేసి, "పెద్దాయనకు రాళ్ల పని బాగా తెలిసినట్టుందే" అన్నాడు.

"నాకేం తెలుసు నాయనా. మావోడే, దుబాయ్‌లో రాళ్లు కొంటాడు" అని నాయన నా వైపు చూపించాడు.

షాపాయన ఇంకో రాయి చూపించి, నీళ్ల బాటిల్ తెచ్చి నా చేతికిచ్చాడు.