మొద్దు బ్లేడు

దుబాయ్‌లో గడ్డి కోసే పనిలో చేరిన మొదటి ఏడాది, మా జట్టులో నీళ్ళు పెట్టే బంగ్లాదేశ్ అబ్బాయికి రోజూ తిట్లే. కోసిన మర్నాటికల్లా లాన్ పైపైన తెల్లబారిపోయేది. నీళ్ళు సరిగ్గా పెట్టడం లేదని ఫోర్‌మన్ కేకలు. ఇక్కడి పార్కులకు వచ్చేది శుద్ధి చేసిన మురుగునీరు. ఆ నీళ్ళలోని ఉప్పును తట్టుకుంటుందనే పాస్పాలం గడ్డి వేస్తారు. వేలు గుచ్చి చూస్తే మట్టి తడిగానే ఉండేది.

ఒకరోజు పొద్దున వంగి ఒక పరక తెంపి చూశాను. కొస తెగలేదు, చీలి పీచు పీచుగా ఉంది. ఆ పీచులే ఎండి తెల్లగా కనిపిస్తున్నాయి. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో మొద్దు కొడవలితో వరి కోస్తే దంటు తెగదు, వేరుతో సహా చేతికొస్తుంది. అందుకే మా బాపు కోతలకు ముందే కొడవళ్ళన్నీ కమ్మరి కొలిమికి తీసుకెళ్ళేవాడు. ఇక్కడ గడ్డి కోసే మిషన్ల బ్లేడ్లను ఎన్నాళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు.

పరక చూపిస్తే ఫోర్‌మన్ ఒప్పుకున్నాడు. కానీ నీళ్ళు పెట్టలేదని ఆ అబ్బాయికి కోత పెట్టిన రెండు రోజుల జీతం తిరిగి రాలేదు. అది నాకిప్పటికీ బాధే.

డ్యూటీలో నూరడానికి టైమ్ ఇవ్వరు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. అందరూ కునుకు తీసే ఆ వేళ నేను స్టోర్ రూమ్ నీడలో కూర్చుంటాను. ముందు ఇంజన్ స్పార్క్ ప్లగ్గు వైరు పీకేయాలి, లేకపోతే బ్లేడు తిప్పినప్పుడు ఇంజన్ అందుకునే ప్రమాదం ఉంది. ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా మిషన్‌ను వాల్చి నట్టు విప్పాలి. పాత అంచు ఎంత వాలుగా ఉందో అదే వాలులో, ఒకే దిక్కుకు ఆకురాయి తోయాలి. గ్రైండర్ పెడితే పని త్వరగా అవుతుంది గానీ, అంచు కాలి నీలంగా మారిందంటే ఆ ఉక్కు మెత్తబడ్డట్టే. గడ్డం గీసే పదును కూడా వద్దు. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక తగిలితే పలచని అంచు నిలవదు.

అసలు పని తూకం దగ్గర ఉంది. ఒక పక్క బరువెక్కువైతే మిషన్ వణుకుతుంది, సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కి అన్నం కలపడానికి కూడా రావు. అందుకే గోడకు కొట్టిన మేకుకు బ్లేడు నడిమి రంధ్రాన్ని తగిలించి చూస్తాను.

నిర్మల్ నుంచి కొత్తగా వచ్చిన పిల్లవాడికి మొన్న ఈ పని అప్పజెప్పాను.

"ఎడమ దిక్కు వంగుతుందన్నా."

"ఆ దిక్కే ఇంకో నాలుగుసార్లు తోయి తమ్మీ."

తోసి, తుడిచి, మళ్ళీ తగిలించాడు. ఈసారి కుడి పక్క కిందికి దిగింది. ఏమీ అనకుండా తనే తీసి, ఆకురాయి అందుకున్నాడు.